ఐరన్, కాల్షియం, డి3, బి12: ఏ రూపం ఎంచుకోవాలి, దేన్ని దేనితో కలపకూడదు

మా అమ్మ పొద్దున్నే లేవగానే మూడు మాత్రలు ఒకే గుక్కలో మింగేసేది. ఒకటి థైరాయిడ్‌ది, ఒకటి ఐరన్, ఒకటి కాల్షియం. అన్నీ ఒకేసారి అయిపోతే మర్చిపోయే గొడవ ఉండదని ఆవిడ లెక్క. ఎనిమిది నెలలు అలాగే వాడింది, ఒక్క రోజు కూడా తప్పలేదు. అయినా హిమోగ్లోబిన్ కదల్లేదు, పైగా టీఎస్‌హెచ్ (థైరాయిడ్ మందు సరిపోతోందో లేదో చెప్పే రక్తపరీక్ష) పెరిగిందని థైరాయిడ్ డోసు పెంచారు. "ఇవన్నీ ఏ టైముకి వేసుకుంటున్నారమ్మా" అని ఇన్నాళ్లలో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

జరిగింది ఇదీ. ఐరన్, కాల్షియం రెండూ థైరాయిడ్ మందును పేగులోనే పట్టుకుని రక్తంలోకి సరిగా పోనివ్వవు. కాల్షియమేమో మళ్లీ ఐరన్‌కి అడ్డుపడుతుంది. మూడూ మంచి మందులే, మూడూ అవసరమైనవే, కలిపి మింగడం వల్ల ఒకదాని పని ఇంకొకటి చెడగొట్టింది. అప్పటినుంచి ఎవరైనా "ఏ విటమిన్ మాత్ర మంచిది" అని అడిగితే నేను ముందు మూడు విషయాలు అడుగుతున్నాను. మీకు నిజంగా ఏది తక్కువైంది? కొనాలనుకుంటున్న మాత్రలో అది ఏ రూపంలో ఉంది? దాంతోపాటు ఇంకేం మింగుతున్నారు? ఈ మూడూ తేలాక డబ్బా మీది పేరు పెద్ద విషయం కాదు.

అన్నీ కలిపిన మాత్రా, విడివిడిగానా

ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మల్టీవిటమిన్ చూడటానికి బాగుంటుంది, ఒకే మాత్రలో ఇరవై పైచిలుకు పేర్లు. కానీ ఒక చిన్న లెక్క చూడండి. ఒక గ్రాము కాల్షియం శరీరానికి ఇవ్వాలంటే కాల్షియం కార్బొనేట్ పొడి రెండున్నర గ్రాములు కావాలి, ఎందుకంటే అందులో కాల్షియం 40 శాతమే. అంత పొడి, మిగతా ఇరవైతో కలిపి, గొంతు దిగే సైజు మాత్రలో పట్టదు. అందుకే మల్టీవిటమిన్లలో కాల్షియం, మెగ్నీషియం పేరుకు మాత్రమే ఉంటాయి. బి విటమిన్లు మైక్రోగ్రాముల్లోనో కొద్ది మిల్లీగ్రాముల్లోనో సరిపోతాయి కాబట్టి వాటిని మాత్రం రోజు అవసరానికి పదింతలు, ఇరవై ఇంతలు కూడా కూరేస్తారు. అంటే అవసరమైనది తక్కువ, తేలిగ్గా పట్టేది ఎక్కువ.

పైగా ఐరన్, జింక్, కాల్షియం ఒకే మాత్రలో ఉంటే పేగు గోడ దగ్గర ఒకదానికొకటి పోటీ. చిన్న మోతాదుల్లో, భోజనంతో తీసుకుంటే ఈ పోటీ పెద్దగా పట్టించుకోవాల్సింది కాదు. లోటును పూడ్చడానికి పెద్ద డోసు వాడుతున్నప్పుడే అది తేడా తెస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం ఇదీ. ఆకలి బాగా తగ్గిపోయిన పెద్దవాళ్లు, ఏదో కారణంగా చాలా రకాల ఆహారం మానేసినవాళ్లు, రోజు అవసరానికి 100 శాతం చుట్టూ ఉండే సాదా మల్టీవిటమిన్ వేసుకుంటే తప్పులేదు. రక్తపరీక్షలో ఫలానాది తక్కువని తేలినవాళ్లకు మాత్రం విడిగా ఆ ఒక్కటే మేలు, మల్టీవిటమిన్‌తో ఆ గొయ్యి పూడదు. ఇక ఏ లోటూ లేకుండా గుండెజబ్బు, క్యాన్సర్ రాకుండా ఉంటాయని వేసుకునేవాళ్లకు చెప్పేదేమిటంటే, అందుకు తగిన ఆధారాలు చాలవని జబ్బుల నివారణపై సలహాలిచ్చే అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2022లో తేల్చింది. అదే నివేదికలో బీటా కెరోటిన్ (ఒంట్లో విటమిన్ ఎగా మారేది), విటమిన్ ఇ ఈ పని కోసం వద్దని గట్టిగానే చెప్పింది. పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ మాత్రలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో ఫిన్లాండ్ పరిశోధన చూపించింది. ఆహారంలో మేలు చేసేదే మాత్రలో కీడు చేయగలదని అప్పుడు అందరికీ తెలిసొచ్చింది.

ఐరన్: ఇక్కడే ఎక్కువ తప్పులు

లేబుల్ మీద పెద్ద అక్షరాల్లో ఉండే అంకె చూసి మోసపోకండి. అది సాధారణంగా సల్ఫేట్ లాంటి ఇనుప లవణం మొత్తం బరువు. మీకు కావలసింది ఎలిమెంటల్ ఐరన్, అంటే అసలు ఇనుము ఎంత ఉందో ఆ అంకె. ఫెర్రస్ సల్ఫేట్ 325 మిల్లీగ్రాముల మాత్రలో అసలు ఇనుము 65 మిల్లీగ్రాములు. ఫెర్రస్ ఫ్యూమరేట్‌లో మూడో వంతు ఇనుమే. ఫెర్రస్ గ్లూకోనేట్‌లో సుమారు 12 శాతం. రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి పోల్చాలంటే ఈ అసలు అంకెలతోనే పోల్చాలి, లేకపోతే పోలికే తప్పు.

సల్ఫేట్, ఫ్యూమరేట్ బాగా పనిచేస్తాయి, దశాబ్దాలుగా వాడుతున్నవి, ఇబ్బందల్లా కడుపులో వికారం, మలబద్ధకం. తట్టుకోగలిగితే వీటితోనే మొదలుపెట్టండి. తట్టుకోలేకపోతే బిస్‌గ్లైసినేట్ ఉంది, ఇందులో ఇనుము ఒక అమైనో ఆమ్లంతో జట్టుకట్టి ఉంటుంది, చాలామందికి కడుపు మీద తేలిక. "కడుపుకు ఇబ్బంది లేదు" అని అమ్మే ఎంటెరిక్ కోటెడ్ (కడుపులో కరగకుండా పూత వేసిన), నెమ్మదిగా కరిగే రకాలు మాత్రం నేనైతే ఎంచుకోను. ఇనుము ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగంలో. మాత్ర ఆ చోటు దాటాక కరిగితే కడుపులో ఇబ్బంది ఉండదు నిజమే, లోపలికి చేరే ఇనుమూ తగ్గిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మన శరీరానికి ఎక్కువైన ఇనుమును బయటికి పంపే దారి అంటూ లేదు. అందుకే లోపలికి వచ్చే దారిలోనే కాపలా పెట్టుకుంది. ఆ కాపలాదారు హెప్సిడిన్, కాలేయం తయారుచేసే హార్మోన్. ఆరోగ్యంగా ఉన్న మనిషి రోజుకు పీల్చుకునే ఇనుము ఒకటి రెండు మిల్లీగ్రాములే. ఒక పెద్ద ఐరన్ మాత్ర మింగగానే హెప్సిడిన్ పెరుగుతుంది, సుమారు ఒక రోజు పాటు తలుపు సగం మూసేస్తుంది. అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటే రెండోది చాలావరకు వృథా, పేగులో మిగిలిపోయి మలబద్ధకం తెస్తుంది. ఇనుము తక్కువైన ఆడవాళ్ల మీద చేసిన అధ్యయనాల్లో రోజు విడిచి రోజు ఇచ్చినప్పుడు ఒక్కో మాత్ర నుంచి ఎక్కువ శాతం ఇనుము ఒంటబట్టిందని తేలింది. రోజుకు రెండుసార్లు వేసుకుని కడుపు నొప్పితో మధ్యలో మానేసేవాళ్లు డాక్టర్‌ని ఈ రోజు విడిచి రోజు పద్ధతి గురించి అడగండి. రక్తహీనత తీవ్రంగా ఉంటే, లేదా గర్భంతో ఉంటే సొంతంగా మార్చుకోవద్దు.

విటమిన్ సి మాటేమిటి అంటారా, ఆకుకూరలు, పప్పుల్లో ఉండే ఇనుముకు అది నిజంగా సాయం చేస్తుంది, పీల్చుకోవడానికి వీలైన రూపంలోకి మారుస్తుంది. ఫెర్రస్ మాత్రలో ఇనుము ముందే ఆ రూపంలో ఉంటుంది. ఐరన్ మాత్ర ఒక్కటే వేసుకున్నవాళ్లకూ, దానికి విటమిన్ సి జోడించినవాళ్లకూ హిమోగ్లోబిన్ పెరుగుదలలో తేడా కనిపించలేదని 2020లో ఒక పెద్ద అధ్యయనం చూపింది. కాబట్టి ఐరన్ కోసమే విడిగా విటమిన్ సి మాత్ర కొనక్కర్లేదు. టీ, కాఫీ మాత్రం ఐరన్‌కి ముందూ వెనకా ఒక గంట ఆపండి, పాలు, కాల్షియం మాత్ర ఇంకా దూరంగా పెట్టండి.

ఐరన్ వేసుకుంటున్నప్పుడు మలం నల్లగా రావడం మామూలే, దానికి టెన్షన్ పడొద్దు. హిమోగ్లోబిన్ సరైన అంకెకు రాగానే మానేయడం మాత్రం తప్పు. అప్పటికి రక్తం నిండింది కానీ గాదె నిండలేదు. గాదె అంటే ఫెరిటిన్, అది నిండడానికి సాధారణంగా ఇంకో మూడు నెలలు పడుతుంది. ఫెరిటిన్ చూసేటప్పుడు ఇంకో మెలిక, జ్వరం, ఇన్ఫెక్షన్, ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే అది అబద్ధంగా ఎక్కువ కనిపిస్తుంది. జ్వరంలో చేయించుకున్న ఫెరిటిన్ బాగుందని నమ్మి ఊరుకోకండి. నీరసంగా ఉందని పరీక్ష లేకుండా ఐరన్ మొదలుపెట్టడం కూడా వద్దు, ముఖ్యంగా మగవాళ్లు, నెలసరి ఆగిపోయిన ఆడవాళ్లు. వాళ్లలో నిజంగానే ఐరన్ తగ్గితే రక్తం ఎక్కడ పోతోందో వెతకాలి, మాత్రతో దాన్ని కప్పిపుచ్చకూడదు. ఇంట్లో చిన్నపిల్లలుంటే డబ్బా అందనంత ఎత్తులో ఉండాలి, పెద్దవాళ్ల ఐరన్ మాత్రలు గుప్పెడు మింగితే పిల్లలకు ప్రాణం మీదికి వస్తుంది.

కాల్షియం: కార్బొనేటా, సిట్రేటా

ఇది చాలా సులువైన ఎంపిక. కార్బొనేట్‌లో 40 శాతం, సిట్రేట్‌లో 21 శాతం కాల్షియం. కార్బొనేట్ అయితే తక్కువ మాత్రలతో పని అవుతుంది, కానీ అది కరగడానికి కడుపులో ఆమ్లం కావాలి, అందుకే భోజనంతో వేసుకోవాలి. సిట్రేట్‌కి ఆ బాధ లేదు, ఎప్పుడైనా వేసుకోవచ్చు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ లాంటి గ్యాస్ మాత్రలు రోజూ వాడేవాళ్లకు కడుపులో ఆమ్లం తక్కువ కాబట్టి సిట్రేట్. మిగతావాళ్లకు కార్బొనేట్ చాలు.

ఏదైనా సరే ఒకసారికి 500 మిల్లీగ్రాములు మించొద్దు, అసలు కాల్షియం లెక్కలో. అంతకంటే ఎక్కువైతే పీల్చుకునే శాతం పడిపోతుంది. కిడ్నీలో రాళ్లు వచ్చిన చరిత్ర ఉంటే డాక్టర్‌ని అడక్కుండా ముట్టుకోకండి.

డి, దాని వెనకున్న మెగ్నీషియం

విటమిన్ డి మాత్రల్లో రెండు రకాలు, డి2 కంటే డి3 రక్తంలో స్థాయిని బాగా పెంచుతుంది, ఎక్కువకాలం నిలుపుతుంది. జంతు సంబంధమైనది వద్దనుకునేవాళ్లకు లైకెన్ (నాచులా పెరిగేది) నుంచి తీసిన డి3 ఉంది. 40 యూనిట్లు అంటే ఒక మైక్రోగ్రాము, ఈ మార్పిడి తెలియక చాలామంది రెండు డబ్బాల్ని తప్పుగా పోలుస్తారు. కొవ్వులో కరిగే విటమిన్ కాబట్టి కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనంతో వేసుకోండి.

రోజూ చిన్న డోసా, వారానికోసారి పెద్ద డోసా అంటే, గుర్తుపెట్టుకోగలిగితే నా ఓటు రోజూ చిన్నదానికే. లోటు ఎక్కువగా ఉంటే కొన్ని వారాలు వారం డోసు ఇస్తారు, అది వేరే సంగతి. ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకేసారి ఇచ్చి చూసిన ఆస్ట్రేలియా పరిశోధన 2010లో వచ్చింది, అందులో పెద్దవయసు ఆడవాళ్లు కింద పడటం, ఎముకలు విరగడం తగ్గలేదు, పెరిగాయి. ఇంకో ప్రమాదం ఏమిటంటే వారానికోసారి వేసుకోమన్నదాన్ని పొరపాటున రోజూ వేసుకోవడం. అప్పుడు రక్తంలో కాల్షియం పెరిగిపోయి వాంతులు, విపరీతమైన దాహం, కిడ్నీలకు దెబ్బ. డబ్బా మీద "ఆదివారం మాత్రమే" అని మార్కర్‌తో పెద్దగా రాసి పెట్టండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీ.

మింగిన డి నేరుగా పనిచేయదు. మొదట కాలేయంలో ఒక మార్పు, తర్వాత కిడ్నీల్లో ఇంకో మార్పు, అప్పుడే అది పేగుకు కాల్షియం పీల్చుకోమని చెప్పగలుగుతుంది. ఈ మార్పులు చేసే ఎంజైములకు మెగ్నీషియం కావాలి. మెగ్నీషియం బాగా పడిపోతే రక్తంలో కాల్షియాన్ని నిలబెట్టే పారాథైరాయిడ్ హార్మోన్ సరిగా రాదు, దాంతో కాల్షియం పడిపోతుంది, పొటాషియం కూడా పడిపోతుంది. అలాంటి మనిషికి ఎంత కాల్షియం ఎక్కించినా నిలవదు, ముందు మెగ్నీషియం సరిచేయాల్సిందే. ఒకదాని లోటు ఇంకోదాని లోటులా కనిపించడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

మెగ్నీషియం రకాల్లో ఆక్సైడ్ అంకెల్లో ఘనంగా ఉంటుంది, 60 శాతం మెగ్నీషియమే, కానీ ఒంటబట్టేది తక్కువ, మిగిలింది విరేచనం చేయిస్తుంది. సిట్రేట్ బాగా ఒంటబడుతుంది, కాస్త విరేచనం చేసే గుణం దీనికీ ఉంది, మలబద్ధకం ఉన్నవాళ్లకు అదే కలిసొస్తుంది. కడుపు సున్నితమైతే గ్లైసినేట్. కిడ్నీ జబ్బు ఉంటే ఇవేవీ సొంతంగా వద్దు, ఎక్కువైన మెగ్నీషియాన్ని బయటికి పంపేది కిడ్నీలే.

బి12, ఫోలిక్ యాసిడ్: ఇవి రెండూ కలిపి చూడాలి

బి12 మాత్రల రూపాల్లో మిథైల్‌కోబాలమిన్ "యాక్టివ్" కాబట్టి సయనోకోబాలమిన్ కంటే గొప్పదని చెబుతుంటారు. ఏది మింగినా కణంలోకి వెళ్లాక ఆ మిథైల్, సయనో తోక తీసేసి, కణం తనకు కావలసిన రెండు రూపాలు తానే తయారుచేసుకుంటుంది. కాబట్టి రూపం గురించి కొట్టుకోవద్దు, డోసు చూడండి. బి12ను లోపలికి తీసుకెళ్లే ఇంట్రిన్సిక్ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్ ఒకసారికి మోయగలిగేది రెండు మైక్రోగ్రాముల లోపే. ఆ పైన మింగినదాంట్లో సుమారు ఒక శాతం మాత్రం తనంతట తాను జారుకుంటుంది. అందుకే 1000 మైక్రోగ్రాముల మాత్ర ఇస్తారు, అందులో ఒంటబట్టేది పది మైక్రోగ్రాముల చుట్టూ, రోజు అవసరమేమో 2.4. ఇంట్రిన్సిక్ ఫ్యాక్టరే లేనివాళ్లకు కూడా పెద్ద డోసు మాత్ర పనిచేయడానికి కారణం ఆ ఒక్క శాతమే. కాళ్లూ చేతులూ తిమ్మిర్లు, నడకలో తూలు ఉంటే మాత్రం ఇంజెక్షన్‌తో మొదలుపెట్టడమే మంచిది, నరాల విషయంలో ఆలస్యం పనికిరాదు. మాంసం, పాలు అసలు ముట్టనివాళ్లు, చాలాకాలంగా షుగర్ మందు మెట్‌ఫార్మిన్ వాడేవాళ్లు, గ్యాస్ మాత్రలు రోజూ వేసుకునేవాళ్లు బి12 పరీక్ష చేయించుకోండి.

ఫోలిక్ యాసిడ్‌ను 1945లో ల్యాబ్‌లో తయారుచేసిన పరిశోధన యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన బృందానిది, ఆ పేరు ప్రతి డబ్బా మీదా ఉండాల్సిందని నాకు అనిపిస్తుంది. బి12 తగ్గినప్పుడు ఫోలిక్ యాసిడ్ పెద్ద డోసులో వేసుకుంటే రక్తహీనత తగ్గి రిపోర్టు బాగుపడుతుంది, లోపల నరాలు దెబ్బతినడం మాత్రం ఆగదు. అందుకే నీరసానికి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వేసుకోవడం తప్పు. గర్భం కోసం ప్రయత్నించేవాళ్లు మాత్రం ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాములు వేసుకోవాలి, బిడ్డ వెన్నుపాము గొట్టం గర్భం మొదలైన 28 రోజులకే మూసుకుంటుంది, చాలామందికి అప్పటికి గర్భం వచ్చిన సంగతే తెలియదు. దాని ఇంకో రూపం మిథైల్‌ఫోలేట్ మంచిదంటారు కానీ, బిడ్డల్లో ఆ గొట్టం సరిగా మూసుకోని లోపాన్ని తగ్గిస్తుందని పరీక్షించి చూపించింది ఫోలిక్ యాసిడ్‌నే. నేను చెప్పేదీ అదే.

మిగతావి క్లుప్తంగా

జింక్ కొన్ని రోజులు వాడితే ఫర్వాలేదు, నెలల తరబడి రోజుకు 50 మిల్లీగ్రాములంటే ప్రమాదం. పేగు కణాల్లో అది ఒక ప్రోటీన్‌ను పెంచుతుంది, ఆ ప్రోటీన్ రాగిని పట్టుకుని లోపలికి పోనివ్వదు. ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ జబ్బుకు జింక్‌నే మందుగా ఇస్తారంటే దాని బలం అర్థం చేసుకోండి. రాగి తగ్గితే రక్తహీనత వస్తుంది, నరాలూ పాడవుతాయి, ఐరన్ ఎంత వేసుకున్నా తగ్గదు.

విటమిన్ సి 200 మిల్లీగ్రాములు దాటాక పెద్ద లాభం లేదు, 1000 దాటితే సగం కూడా ఒంటబట్టదు. గర్భంతో ఉన్నవాళ్లు రెటినాల్ రూపంలో ఉన్న విటమిన్ ఎ పెద్ద డోసులకు దూరంగా ఉండాలి, బిడ్డకు అవయవ లోపాలు వస్తాయి. బి6 నరాలకు మంచిదని పెద్ద డోసు ఏళ్ల తరబడి వాడితే అదే నరాలను పాడుచేస్తుంది, యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దాని గరిష్ఠ పరిమితిని రోజుకు 12 మిల్లీగ్రాములుగా పెట్టింది. మీరు వేసుకునే బి కాంప్లెక్స్‌లో ఎంతుందో ఇప్పుడే చూడండి.

వేరే మందులు వాడుతుంటే

థైరాయిడ్ మందు థైరాక్సిన్‌కీ, ఐరన్ లేదా కాల్షియంకీ మధ్య నాలుగు గంటలు ఉండాలి. డాక్సీసైక్లిన్, సిప్రోఫ్లోక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ వాడినన్నాళ్లూ ఐరన్, కాల్షియం, జింక్, మెగ్నీషియం ఎప్పుడు వేసుకోవాలో డాక్టర్‌ని అడగండి, అవి మందును కట్టిపడేస్తాయి, ఇన్ఫెక్షన్ తగ్గదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్‌ఫరిన్ మీద ఉన్నవాళ్లు విటమిన్ కె ఉన్న మాత్రలు సొంతంగా మొదలుపెట్టడమూ, ఆపడమూ రెండూ ప్రమాదమే. ఆకుకూరలు మానక్కర్లేదు, రోజూ ఒకే మోతాదులో తినాలి.

మా అమ్మకు చివరికి పెట్టిన టైములు ఇవీ: పొద్దున పరగడుపున థైరాయిడ్ మాత్ర ఒక్కటే, మధ్యాహ్నం భోజనంతో కాల్షియం, రాత్రి పడుకునే ముందు, భోజనమై రెండు గంటలు దాటాక, ఐరన్, అదీ డాక్టర్‌ని అడిగి రోజు విడిచి రోజు. మూడు నెలల్లో హిమోగ్లోబిన్ పెరిగింది. థైరాయిడ్ డోసు ఇప్పుడు ఎక్కువైందని మళ్లీ తగ్గించారు, టైములు మార్చుకునేవాళ్లు ఈ సంగతి ముందే డాక్టర్‌కి చెప్పాలి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో టీఎస్‌హెచ్ మళ్లీ చూపించుకోవాలి. ఆ పరీక్షకు వెళ్లేముందు జుట్టు కోసం బయోటిన్ ఏమైనా వేసుకుంటున్నారేమో కూడా చూసుకోండి. జుట్టు మాత్రల్లో అది రోజు అవసరానికి వందల రెట్లు ఉంటుంది, థైరాయిడ్ రిపోర్టునూ, గుండెపోటు పరీక్ష ట్రోపోనిన్‌నూ తప్పుగా చూపించగలదు. కనీసం రెండు రోజుల ముందు ఆపేసి, ల్యాబ్‌లో ఆ మాట చెప్పి, అప్పుడు రక్తం ఇవ్వండి.